వెలుగు పడితేనే కనపడే గీత

అతని సొంత పేరు ఓటరు కార్డుకు తప్ప ఎవరికీ గుర్తు లేదు. వీధిలో అందరికీ అతను తిన్నగీత. స్కేలు పెట్టకుండా, సుద్దదారం కొట్టకుండా, పదడుగుల షట్టరు మీద ఈ చివరి నుంచి ఆ చివరికి ఒక్క ఊపిరిలో గీత లాగేవాడు. ఒకసారి టైర్ల షాపు యజమాని నమ్మక దారం పట్టి చూశాడట. దారమే వంకరగా ఉందని తేలిందట. ఈ కథ చెప్పేది తిన్నగీతే కాబట్టి సగం కొట్టేసి వినాలి. మిగిలిన సగం మాత్రం నిజం.

పని నేర్పింది తండ్రి. ఆయన బ్రష్షు మొనను పెదాలతో తేల్చుకుని రంగులో ముంచేవాడు. కొడుకు అదే చేస్తే మాత్రం నెత్తిన ఒక్కటిచ్చేవాడు. తండ్రి బ్రష్షులూ మొండితనమూ కొడుక్కి వచ్చాయి. నోరు మొత్తం కూతురికి, అంటే తిన్నగీత అక్కకు పోయింది.

ముప్పై ఏళ్లు బోర్డులు రాశాడు. మందుల షాపులు, సైకిల్ షాపులు, ఇక్కడ వాహనాలు నిలపరాదు అనే హెచ్చరికలు, అన్నీ అతని చేతి మీదుగానే పోయాయి. తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి. అతను రోజంతా నిచ్చెన మీద నిలబడి రాసేదాన్ని మెషిన్ పావుగంటలో కక్కి పారేసేది. ఒకరోజు తను రాసిన మందుల షాపు బోర్డుకే మేకులు కొట్టి దాని మీద ఫ్లెక్సీ కట్టడం కళ్లారా చూశాడు. ఆ సాయంత్రం నిచ్చెన మడిచి అటకెక్కించాడు. బాధపడ్డాడా అంటే, చాలా పడ్డాడు. మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. నాలుగో రోజు గడ్డం గీసుకుని పని వెతుక్కోవడానికి బయల్దేరాడు.

ఒక పరిశోధన సంస్థలో అటెండరు పని దొరికింది. గాజు సామాను కడగాలి, చెత్త విడివిడిగా వెయ్యాలి, సీసాల మీద పేర్లు రాయాలి. ఆ పేర్లు ఎంత అందంగా రాసేవాడంటే, ఖాళీ సీసాలు పారెయ్యడానికి అక్కడి శాస్త్రవేత్తలకు చేతులు వచ్చేవి కావు. అల్మారాలు ఖాళీ సీసాలతో నిండిపోయాయని ఒకసారి ఆఫీసు నుంచి మెమో కూడా వచ్చింది.

అతను పనిచేసే ప్రయోగశాలకు పెద్ద ఒక మేడమ్. పొట్టిగా ఉంటుంది, వేగంగా నడుస్తుంది, పొగడ్త ఆమె నోట రావడం అరుదు. ఆమె పదేళ్లుగా కుస్తీ పడుతున్నది ఒక ఇంకుతో. చూడటానికి మామూలు నీళ్లలా ఉంటుంది. ఎర్ర దీపం కింద ఎంతసేపున్నా అలాగే ఉంటుంది. ఆకుపచ్చ లైటు పడితే మాత్రం రెండు నిమిషాల్లో ముదురు నీలానికి తిరిగి పల్చటి పొరలా గట్టిపడుతుంది. ఆ పొరలో కరెంటు పారుతుంది. బల్బు వెలిగేంత కాదు. ఒంట్లో కండ బిగిసినప్పుడు పుట్టే చీమంత కరెంటును అందుకుని మోసుకుపోయేంత. చర్మం వంగితే తనూ వంగుతుంది, సాగితే సాగుతుంది. నాలుగైదు రోజుల తర్వాత సబ్బుతో రుద్దితే పోతుంది.

ఒకరోజు మేడమ్ తన దగ్గర పనిచేసే అమ్మాయితో మాట్లాడుతోంది. ఇంకు కలిపేది ఆ అమ్మాయే. తిన్నగీత ఆమెను ఇంకమ్మాయి అని పిలిచేవాడు. ఆమె కూడా పలికేది.

"మామూలు చర్మం మీద మన మెషిన్ బాగానే అచ్చు వేస్తోంది. కాలి మానిన చర్మం మీదే కూర్చోవట్లేదు. గుంటలు, గట్లు. అవసరం ఎక్కువ ఉన్నది వాళ్లకే," అంది మేడమ్.

సింకు దగ్గర గాజు గొట్టం కడుగుతున్న తిన్నగీత చెయ్యి ఆగిపోయింది.

"మేడమ్, మా బావ ఉన్నాడండీ," అన్నాడు.

బావ అంటే అక్క మొగుడు. వెల్డరు. ఉన్నది కింది వాటాలోనే. రెండేళ్ల కింద పనిలో ఉండగా ఎర్రగా కాలిన ఇనప రేకు జారి కుడి చేతి మీద పడింది. మణికట్టు దాకా చెయ్యి పోయింది. మోచెయ్యి దాకా చర్మం కాలి, మానిన తర్వాత నలిపి వదిలేసిన కాగితంలా తయారైంది. ఆస్పత్రిలో మోటార్లున్న కృత్రిమ చెయ్యి ఒకటి పెట్టి చూశారు. పిడికిలి బిగించాలని మనసులో అనుకుంటే ముంజేతి కండ కదులుతుంది, ఆ కదలికను చర్మం మీద అంటించిన బిళ్లలు పసిగట్టి మోటారుకు చెప్తాయి, వేళ్లు మూసుకుంటాయి. కాని బావ చర్మం మీద ఆ బిళ్లలు నిలవలేదు. చెమట పట్టగానే ఒక్కొక్కటీ ఊడి కింద పడేవి. అప్పటి నుంచి బావ కుడి చేతిని జేబులోంచి తియ్యడం మానేశాడు.

వెల్డింగుకు రెండు చేతులు కావాలి. ఒక చేత్తో రాడ్డు పట్టాలి, ఇంకో చేత్తో ముఖానికి షీల్డు అడ్డం పెట్టుకోవాలి. తలకు తగిలించుకునే షీల్డులు ఉన్నాయి కదా అని అక్క ఒకసారి అంది. బావ అటు తిరిగి పడుకున్నాడు. అతనికి కావలసింది షీల్డు ఒక్కటే కాదని ఆమెకు ఆలస్యంగా అర్థమైంది. తన చేత్తో తను పట్టుకోవాలి. అంతే. రెండేళ్లుగా తెరవని అతని వెల్డింగు షాపు తాళం తుప్పు పడుతోంది.

ప్రయోగశాలకు రమ్మంటే బావ ఒక పట్టాన ఒప్పుకోలేదు.

"నన్ను ఎలకని చేస్తారా ఏంట్రా మీ వాళ్లు?"

"ఎలకకి ఇంత పొట్ట ఉండదులే బావా. రా," అన్నాడు తిన్నగీత.

"ఏవండీ, రెండేళ్లుగా గోడ చూస్తూ కూర్చున్నారు. ఆ గోడ మీకేమన్నా చెప్పిందా? వెళ్లండి," అంది అక్క. అక్క మాటకు అప్పీలు లేదు.

మొదటి రోజు మేడమ్ ఉన్నదున్నట్టు చెప్పింది. కృత్రిమ చెయ్యి పరీక్ష కోసం ఒక్కటే వచ్చింది. నెలాఖరుకల్లా బావ చేతి మీద గీసిన గీతలు పది నిమిషాలు తెగకుండా సంకేతం ఇవ్వాలి. ఇస్తే ఆ చెయ్యి బావకు. ఇవ్వకపోతే జాబితాలో రెండో మనిషికి. అతని చర్మం నున్నగా ఉంది, మెషిన్ అచ్చు సరిపోతుంది. ఇంకో చెయ్యి ఎప్పుడు వస్తుందో ఆమెకు తెలియదు.

"ఇక్కడ బ్రష్షు పట్టడం వచ్చినవాళ్లు మీరొక్కరే, పెయింటర్ గారూ. గీతలు మీరే గియ్యాలి," అంది.

ఆకుపచ్చ లైటు పడగానే ఇంకు గట్టిపడుతుందని వినగానే బావ ముఖం మొదటిసారి వెలిగింది.

"అంటే మీదీ వెల్డింగే కదా మేడమ్. వెలుగు పెట్టి అతికించడమే. ఈ మాత్రం దానికి మా బామ్మర్ది ఇన్నాళ్లు మీ దగ్గర సీసాలు కడిగాడా?"

మేడమ్ నవ్వింది. ఆమె నవ్వడం తను చూడటం అదే మొదలని ఇంకమ్మాయి తర్వాత చెప్పింది.

పని మాత్రం నవ్వులాట కాదు. ఎర్ర దీపం గుడ్డి వెలుతురులో, నీళ్లలాంటి ఇంకుతో, ఎగుడుదిగుడు చర్మం మీద గీత లాగాలి. లాగిన గీత కంటికి కనపడదు. ఎక్కడ మొదలెట్టాడో, ఎక్కడ ఆపాడో చేతికే గుర్తుండాలి. ఆకుపచ్చ లైటు వేశాక నీలంగా తేలుతుంది. అప్పటికి దిద్దుకోవడానికి వీలుండదు. జీవితమంతా కళ్లతో చూసి రాసినవాణ్ణి కళ్లు మూసుకుని రాయమన్నట్టయింది.

మొండివాడు రాజు కంటే బలవంతుడు అంటారు. తిన్నగీత ఇంట్లో సామాన్ల గది కిటికీకి అట్ట కొట్టి, ఎర్ర బల్బు పెట్టి, పొద్దున్నే డ్యూటీకి పోయే ముందు గంటసేపు మంచినీళ్లతో గీతలు గీసేవాడు. మొదట నలిపిన కాగితం మీద. తర్వాత తన మోకాలి మీద. ఆ తర్వాత బావనే కూర్చోబెట్టి, చేతి మీద ప్రతి గుంటనూ ప్రతి గట్టునూ వేలితో తడిమి నేర్చుకున్నాడు. పన్నెండో రోజుకు కళ్లు మూసుకుని చెప్పగలిగాడు, ఇక్కడ చిన్న లోయ, ఇక్కడ మడత, ఇక్కడ బ్రష్షు పడుకోబెట్టాలి అని.

"నా చెయ్యి నాకంటే నీకే బాగా తెలిసిపోయింది. అప్పట్లో పిల్లనిచ్చేటప్పుడు మీ నాన్న నా జాతకం కూడా ఇంత శ్రద్ధగా చూడలేదురా," అన్నాడు బావ.

ఇంత చేసినా గీతలు పలకలేదు. చూడటానికి ముచ్చటగా ఉండేవి, ఆరు నీలి గీతలు, పక్కపక్కనే, అతని పేరు నిలబెట్టేంత తిన్నగా. కరెంటు పారుతుంటే కుయ్యిమనాల్సిన మీటరు మాత్రం, ముల్లు పెడితే పలికేది కాదు. గీత మధ్యలో, చివరలో బాగానే ఉంది. మొదట్లో తెగిపోతోంది. ఆరింటికి ఆరూ మొదట్లోనే. కంటికి నీలంగానే కనిపించే చోట కరెంటు మాత్రం పోదు.

మొదట చెమట అనుకున్నారు. చెయ్యి ఫ్యాను కింద ఆరబెట్టి చూశారు. తర్వాత చర్మం అనుకున్నారు. చోటు మార్చి చూశారు. రెండో వారానికే అందరి చూపూ ఇంకు మీద పడింది. మెషిన్లో వాడే ఇంకు వేరు, చర్మం మీద బ్రష్షుతో గియ్యడానికి ఇంకమ్మాయి విడిగా కలుపుతున్న ఇంకు వేరు. తేడా అక్కడే ఉండాలి.

"నీళ్లు సరిగ్గా శుద్ధి చేస్తున్నావా? ఉప్పు ఏమైనా కలుస్తోందేమో చూడు," అంది మేడమ్.

ఆ అమ్మాయి మళ్లీ కలిపింది. మళ్లీ తెగింది. మళ్లీ కలిపింది. ఒక సీసా తయారు కావడానికి ఐదు రోజులు పడుతుంది. మూడు సీసాలు వృథా అయ్యాయి. మేడమ్ గొంతు పెంచలేదు గాని, ఈ పని ఇంకొకరికి అప్పగించే సంగతి ఆలోచిస్తున్నానంది. ఆ మధ్యాహ్నం సింకు దగ్గర ఇంకమ్మాయి కడిగిన గాజు పాత్రనే కడుగుతూ నిలబడింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

తిన్నగీత ఏమన్నాడో ఇక్కడ దాచకుండా చెప్పాలి. "ఇంకులోనే ఏదో ఉంది మేడమ్. నా గీత ఎప్పుడూ తప్పదు," అన్నాడు. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఆ అమ్మాయి అతని వైపు ఒకసారి చూసి తల దించుకుంది.

నెలాఖరుకు ఆరు రోజులున్నాయి.

మర్నాడు పొద్దున ఎప్పటిలాగే సామాన్ల గదిలో ఎర్ర బల్బు వేసుకుని, గిన్నెలో నీళ్లు పెట్టుకుని, బావ చేతి మీద గీస్తున్నాడు. అక్క టీ తెచ్చింది. గడపలో నిలబడి కాసేపు చూసింది.

"ఆ బ్రష్షు నోట్లో పెట్టుకునే పాడలవాటు ఇంకా పోలేదా నీకు? నాన్న నీ నెత్తి మీద ఎన్ని మొట్టికాయలు వేశాడురా. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదని ఊరికే అన్నారా?"

"నేనెక్కడ పెట్టానే?" అన్నాడు తిన్నగీత. బ్రష్షు పెదాల మధ్యనే ఉంది.

బావ పకపకా నవ్వాడు. "గీతకొకసారి పెడతాడు. అక్కడా అంతే. మాస్కు గడ్డం కిందకి లాగుతాడు, మొన తేల్చుకుంటాడు, మళ్లీ లాగుతాడు. వాళ్ల మేడమ్ ఆ చివర మీటరు చూసుకుంటూ ఉంటుంది. ఆ చీకట్లో ఎవరికి కనపడుతుంది? అదేదో మీ పనిలో పద్ధతి అనుకున్నాను నేను."

తిన్నగీత బ్రష్షును నోట్లోంచి తీసి దాని మొన వైపు చూశాడు. తడిగా ఉంది. ఆ తడి ముందుగా తగిలేది గీత మొదట్లో. ఆరింటికి ఆరూ మొదట్లోనే.

ఎంగిలి. ఉప్పు కలుస్తోందేమో చూడమని మేడమ్ అంటూనే ఉంది. ఆ ఉప్పు మూడు వారాలుగా అతని నోట్లోనే ఉంది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, తప్పు తనదైతే ఆ పిల్ల మీదకి తోశాడు.

టీ చల్లారిపోయింది.

"ఇంకేం, ఇవాళ్టి నుంచి నోట్లో పెట్టకు. ఎవరికీ చెప్పనక్కర్లేదు. నోట్లో మందులు పెట్టుకున్నావని తెలిస్తే ఆ గదిలోకే రానివ్వరు నిన్ను. అప్పుడు గియ్యడానికి ఎవరున్నారు?" అన్నాడు బావ. అతని గొంతులో అంత భయం తిన్నగీత ఎప్పుడూ వినలేదు. ఆ చెయ్యి బావకు ఎంత కావాలో ఇప్పుడు తెలిసింది.

"ఇప్పుడున్న సీసాలో కూడా ముంచాను బావా. అది చెడిపోయినట్టే. కొత్త సీసాకి ఐదు రోజులు. ఇవాళ మొదలెట్టకపోతే అందదు. ఎందుకు మొదలెట్టాలో చెప్పకుండా ఎలా అడగను?"

"చెప్తే నిన్ను పంపేస్తే?"

"పంపెయ్యనీ. పంపేసేలోపు గీత ఎలా గియ్యాలో ఆ అమ్మాయికి నేర్పి పోతాను. ఆ పిల్ల ఏడ్చింది బావా. నా వల్ల ఏడ్చింది."

అక్క ఏమీ అనలేదు. అక్క ఏమీ అనకపోవడం ఆ ఇంట్లో పెద్ద విశేషం. తమ్ముడి చొక్కా కాలరు సరిచేసి, "పో, చెప్పు," అంది.

మేడమ్ గది తలుపు మీద ఆమె పేరు రాసింది కూడా తిన్నగీతే. ఆ అక్షరాల ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు. లోపల ఇంకమ్మాయి కూడా ఉంది. మంచిదే అనుకున్నాడు. ఒకేసారి అయిపోతుంది.

"మేడమ్, ఇంకులో ఏమీ లేదు. తప్పు నాది. నేను బ్రష్షు నోట్లో పెట్టుకుంటున్నాను. నలభై ఏళ్ల అలవాటు. పెట్టుకుంటున్నట్టు నాకే తెలియదు. ఈ అమ్మాయి తప్పేం లేదండీ."

మేడమ్ చేతిలో పెన్ను పక్కన పెట్టింది. ఆమె అడిగిన మొదటి మాట ఇంకు గురించి కాదు.

"ఎంత మింగారు?"

"మింగలేదండీ. కడిగిన బ్రష్షే, కొస వరకే..."

"ఇప్పుడే డాక్టరు దగ్గరికి వెళ్లి పరీక్ష చేయించుకుని రండి. తర్వాత మాట్లాడదాం."

డాక్టరు ఫరవాలేదన్నాడు. తిరిగి వచ్చేసరికి మేడమ్ రెండు గాజు పలకలు, రెండు బ్రష్షులు సిద్ధం చేసి ఉంచింది. ఆమెకు మాట మీద నమ్మకం తక్కువ, మీటరు మీద ఎక్కువ. మొదటి బ్రష్షు కొసను తిన్నగీత ఎంగిలి చుక్కలో తడిపి ఇంకమ్మాయికి ఇచ్చింది. రెండోది శుద్ధి చేసిన నీళ్లలో. సీసా తెరిచిన రోజే నమూనాకని పక్కన తీసి ఉంచిన కొంచెం ముట్టని ఇంకుతో ఇంకమ్మాయి రెండు గీతలు గీసింది. ఆకుపచ్చ లైటు వేశారు. రెండూ ఒకేలాంటి నీలం.

మొదటి గీత మొదట్లో మీటరు ముల్లు పెట్టారు. నిశ్శబ్దం. రెండో గీత మీద పెట్టగానే కుయ్యిమని కేక పెట్టింది.

ఇంకమ్మాయి ముల్లు పక్కన పెట్టింది. "మూడు వారాలుగా నీళ్లు వడకడుతున్నానండీ నేను," అంది. కోపంగానే అంది. అనాల్సిందే.

"నా నోరు మంచిది కాదమ్మా. రెండు రకాలుగానూ. క్షమించు," అన్నాడు తిన్నగీత. ఆమె నవ్వకుండా ఉండటానికి ప్రయత్నించి ఓడిపోయింది.

నిబంధనల ప్రకారం మేడమ్ అతన్ని ఆ గదిలోకి రానివ్వకూడదు. ఆ సంగతి కాగితం మీద రాసింది కూడా. దాని కింద ఇంకో వాక్యం రాసింది: చివరి పరీక్ష వరకు నా ఎదుటే, నా జాగ్రత్తలో పని చెయ్యవచ్చు. సంతకం పెట్టి అతనికి చూపించింది.

"ఒక్క సీసా. ఒక్క అవకాశం. మీ అలవాటు మీద మీకు నమ్మకం ఉందా?"

"లేదండీ," అన్నాడు తిన్నగీత. "చెయ్యి మీద ఉంది. నోటి మీద లేదు."

ఇంకమ్మాయి ఆ సాయంత్రమే కొత్త ఇంకు మొదలుపెట్టింది. ఆ ఐదు రోజులూ తిన్నగీత నోటితో యుద్ధం చేశాడు. పొద్దున సామాన్ల గదిలో బావ ఎడమ చేత్తో స్టీలు గరిటె పట్టుకుని కూర్చునేవాడు. బ్రష్షు పెదాల దాకా వస్తే వేళ్ల మీద టప్పున కొట్టేవాడు. మొదటి రోజు పదిహేడు దెబ్బలు. రెండో రోజు పద్నాలుగు. నాలుగో రోజుకు ఆరు. ఐదో రోజు మూడు. సున్నా మాత్రం రాలేదు.

"నలభై ఏళ్ల జబ్బుకు ఐదు రోజుల వైద్యం. ఇంకేం కావాలి," అంది అక్క, కమిలిన వేళ్లకు మందు రాస్తూ. "మూడుసార్లు పెడితే మూడు గీతలు పోతాయి కదరా?"

"ఒక్కటి పోయినా చాలు, చెయ్యి పోయినట్టే," అన్నాడు తిన్నగీత.

పరీక్ష రోజు వచ్చింది. బావ ఉతికిన చొక్కా వేసుకున్నాడు. చంకలో పాత వెల్డింగు షీల్డు పెట్టుకొచ్చాడు, నల్ల అద్దం, కాలిన అంచులు. దాన్ని చూసి మేడమ్, పరీక్షకు పట్టుకోవడానికని తెచ్చి ఉంచిన కాగితపు కప్పు తీసి అల్మారాలో పెట్టేసింది.

తిన్నగీత చేతులు కడుక్కుని, చేతి తొడుగులు వేసుకుని, మేడమ్ ముందు నిలబడ్డాడు.

"మేడమ్, ఒక్క సాయం చెయ్యాలి. మాస్కు చుట్టూ ప్లాస్టరు అంటించెయ్యండి. ముక్కు మీద, బుగ్గల మీద, గడ్డం కింద. ఊపిరి ఆడితే చాలు. నేను లాగినా రాకూడదు."

ఇంకమ్మాయే అంటించింది. నాలుగు వైపులా, వరసకు రెండు పట్టీల చొప్పున. మూడు వారాల కసి ఆ పట్టీలు నొక్కడంలో కొంచెం కనిపించింది.

"ముప్పై ఏళ్లుగా నావల్ల కాని పని చేశావమ్మా. వీడి నోరు మూయించావు," అన్నాడు బావ.

తిన్నగీత కళ్లతో తిట్టాడు.

మామూలు లైట్లు ఆర్పేశారు. ఎర్ర దీపం ఒక్కటే మిగిలింది. బావ చెయ్యి బల్ల మీద ఉంది. కొత్త ఇంకు చిన్న గాజు గిన్నెలో ఉంది, ఉందో లేదో తెలియనట్టు. తిన్నగీత బ్రష్షు తీసుకున్నాడు. చెయ్యి తనంతట తనే పైకి లేచి ముఖం దాకా పోయింది. మొన మాస్కుకు తగలకముందే ఆగింది. అతను దాన్ని అక్కడే ఒక క్షణం ఉంచి, కిందకు దించి, శుద్ధి చేసిన నీళ్లలో తడిపి, గిన్నె అంచుకు రాసి మొన తేల్చాడు. అప్పుడు ముంచాడు.

మొదటి గీత. ఇక్కడ చిన్న లోయ. ఇక్కడ మడత. ఇక్కడ బ్రష్షు పడుకోబెట్టాలి. ఊపిరి బిగబట్టి చివరిదాకా లాగాడు. ఏమీ కనపడలేదు. రెండో గీత. చెయ్యి మళ్లీ పైకి లేచింది, మళ్లీ ఆగింది, మళ్లీ దిగింది. ఆరు గీతలకు ఆరుసార్లూ లేచింది. ఆరుసార్లూ దించుకున్నాడు. నుదుటి మీద చెమట ప్లాస్టరు కిందకు దిగుతోంది. తుడుచుకోలేదు.

తల ఊపాడు. మేడమ్ ఆకుపచ్చ లైటు వేసింది.

మొదట ఏమీ లేదు. తర్వాత నలిగిన చర్మం మీద, గుంటల్లోంచి గట్ల మీదకి, గట్ల మీద నుంచి గుంటల్లోకి, ఆరు నీలి గీతలు మెల్లగా పైకి వచ్చాయి. ఇంకమ్మాయి మీటరు ముల్లు మొదటి గీత మొదట్లో పెట్టింది. కుయ్. రెండోది. కుయ్. మూడోది, నాలుగోది, ఐదోది. ఆరోదాని దగ్గర ఆమె చెయ్యి ఆగింది. బావ కళ్లు మూసుకున్నాడు. ముల్లు ఆనించింది. కుయ్.

తీగలు తగిలించి, కృత్రిమ చెయ్యి తొడిగారు. లైట్లు వేశారు. గడియారం నొక్కి, "పిడికిలి బిగించాలనుకోండి," అంది మేడమ్.

బావ తన ముందున్న ఆ చేతి వైపు అనుమానంగా చూశాడు. అనుకున్నాడు. వేళ్లు కదిలాయి. అతను ఉలిక్కిపడ్డాడు, వేళ్లు తెరుచుకున్నాయి. మళ్లీ అనుకున్నాడు. మళ్లీ మూసుకున్నాయి. ఎవరూ ఏమీ చెప్పకుండానే ఎడమ చేత్తో షీల్డు తీసి దాని పిడిని ఆ వేళ్ల మధ్య పెట్టాడు. వేళ్లు పిడి చుట్టూ బిగిశాయి. అతను షీల్డును మెల్లగా పైకెత్తి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఎడమ చెయ్యి రాడ్డు పట్టుకున్నట్టుగా ముందుకు చాపాడు. అలా నిలబడిపోయాడు.

ఒక నిమిషం. మూడు నిమిషాలు. చెమట పట్టింది. గీతలు ఊడలేదు, తెగలేదు. ఏడు నిమిషాలు. షీల్డు వెనక ముఖం ఎవరికీ కనపడటం లేదు. పట్టుకున్న చెయ్యి కదలలేదు. షీల్డు కదలలేదు. భుజాలు మాత్రం వణుకుతున్నాయి.

పది నిమిషాలు అయ్యాయని మేడమ్ చెప్పింది. బావ షీల్డు దించలేదు.

"ఏరా బామ్మర్దీ," అన్నాడు నల్ల అద్దం వెనక నుంచి, "ఏడుస్తున్నావా ఏంటి?"

ఏడుస్తున్నది నువ్వు బావా అని చెప్పాలనుకున్నాడు తిన్నగీత. నోటికి ప్లాస్టరు ఉంది. పైగా ఆ మాట సగమే నిజం. ప్లాస్టరు అంచులు అప్పటికే తడిసి ఊడిపోతున్నాయి.